సూర్యగ్రహణాలు: నాలుగు రకాలు, ద పాండ్స్‌కు రానున్న సంపూర్ణ గ్రహణం

2028 జులై 22, శనివారం. మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో సిడ్నీ మహానగరం మీదుగా చంద్రుడి నీడ సాగిపోతుంది. నగర కేంద్రానికి వాయవ్యంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, బ్లాక్‌టౌన్ నగరపాలక పరిధిలో ఉన్న ద పాండ్స్ శివారు ఆ నీడ దారిలోనే ఉంది. అక్కడ సూర్యుడు మూడున్నర నిమిషాలకు పైగా పూర్తిగా మరుగున పడతాడు. సిడ్నీలో ఇంతకుముందు సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది 1857 మార్చి 26న. 2028 దాటితే మళ్లీ 2858 దాకా లేదు. ద పాండ్స్‌లోనూ, పక్కనున్న స్కోఫీల్డ్స్, క్వేకర్స్ హిల్, కెలీవిల్ రిడ్జ్‌లలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంటి ముంగిట నిలబడి చూడగలిగే అరుదైన అవకాశం ఇది.

భూమికీ సూర్యుడికీ మధ్యకు చంద్రుడు వచ్చి, అతడి నీడ భూమి మీద పడితే సూర్యగ్రహణం ఏర్పడుతుంది. ఇందులో నాలుగు రకాలు: పాక్షికం, వలయాకారం, సంపూర్ణం, సంకరం. వలయాకార గ్రహణాన్నే కంకణ గ్రహణమనీ అంటారు. క్రీస్తుపూర్వం 2000 నుంచి క్రీస్తుశకం 3000 వరకు అయిదు వేల ఏళ్లకు ఖగోళ శాస్త్రజ్ఞులు కట్టిన లెక్కలో మొత్తం 11,898 సూర్యగ్రహణాలు ఉన్నాయి. వాటిలో పాక్షికం 4,200, వలయాకారం 3,956, సంపూర్ణం 3,173, సంకరం 569. గ్రహణం ఏ రకమో చంద్రుడి దూరమూ, నీడ పడే తీరూ నిర్ణయిస్తాయి. మనకు కనిపించేది ఏ రకమో మాత్రం మనం నిలబడిన చోటును బట్టి ఉంటుంది.

ప్రతి అమావాస్యకూ ఎందుకు పట్టదు

సూర్యగ్రహణం అమావాస్యనాడే పడుతుంది, అయినా ప్రతి అమావాస్యకూ పట్టదు. చంద్రుడు తిరిగే కక్ష్య, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటమే కారణం. చాలా అమావాస్యల్లో చంద్రుడి నీడ భూమికి పైనుంచో కిందనుంచో తప్పుకుపోతుంది. రెండు తలాలూ ఖండించుకునే బిందువులు రెండు. వాటిలో ఒకదాని దగ్గర సూర్యుడు ఉన్న రోజుల్లో అమావాస్య వస్తేనే గ్రహణం. ఏడాదిలో సుమారు ఆరు నెలల ఎడంతో అలాంటి గ్రహణ కాలాలు రెండు వస్తాయి. అందుకే ఏ సంవత్సరంలోనైనా సూర్యగ్రహణాలు రెండుకు తగ్గవు, అయిదుకు మించవు.

మన పంచాంగాల్లోని రాహుకేతువులు ఈ రెండు బిందువులే. చంద్రుడు ఉత్తరానికి దాటే బిందువు రాహువు, దక్షిణానికి దాటేది కేతువు. పంచాంగకర్త రాహుగ్రస్తమనో కేతుగ్రస్తమనో రాసినప్పుడు, గ్రహణం ఏ బిందువు దగ్గర జరుగుతోందో కచ్చితంగా చెబుతున్నాడన్నమాట. 2028 జులై 22 కీలక నామ సంవత్సర ఆషాఢ అమావాస్య. ఆనాటి గ్రహణం పుష్యమి నక్షత్రంలో పట్టే కేతుగ్రస్త గ్రహణం. సూర్యుణ్ణి కప్పేది చంద్రుడనీ, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడనీ ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే స్పష్టంగా చెప్పాడు.

నీడలో మూడు భాగాలు

సూర్యుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి సుమారు 400 రెట్లు. భూమి నుంచి సూర్యుడున్న దూరం కూడా చంద్రుడి దూరానికి సుమారు 400 రెట్లే. అందువల్ల ఆకాశంలో ఇద్దరూ దాదాపు ఒకే పరిమాణంలో కనిపిస్తారు. గ్రహణాల్లోని వైవిధ్యమంతా ఈ ‘దాదాపు’లోనే ఉంది. చంద్రుడి దూరం సుమారు 3,56,000 కిలోమీటర్ల నుంచి 4,06,000 కిలోమీటర్లకు పైగా మారుతూ ఉంటుంది. సూర్యుడి దూరమూ జనవరి మొదట్లో సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లయితే జులై మొదట్లో సుమారు 15.2 కోట్లు.

చంద్రుడి వెనక శంకువులా సన్నబడుతూ సాగేది ప్రచ్ఛాయ. అందులో నిలబడ్డవారికి సూర్యబింబం ఏమాత్రం కనిపించదు. ప్రచ్ఛాయ చుట్టూ విశాలంగా పరుచుకున్న పలుచని నీడ ఉపచ్ఛాయ. అక్కడివారికి బింబంలో కొంత భాగమే మరుగవుతుంది. ప్రచ్ఛాయ శంకువు కొస దాటాక, అదే దిశలో మళ్లీ వెడల్పయ్యే మూడో భాగం ఉంటుంది. అక్కడివారికి చంద్రుడు సూర్యుడి నడుమ నల్లగా నిలిచి, చుట్టూ ఉంగరంలా వెలుగు మిగులుతుంది. ప్రచ్ఛాయ సగటు పొడవు సుమారు 3,74,000 కిలోమీటర్లు కాగా, చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. అంటే సగటు పరిస్థితుల్లో నీడ కొస భూమిని అందుకోదు. సంపూర్ణ గ్రహణాల కన్నా వలయాకార గ్రహణాల సంఖ్య ఎక్కువ కావడానికి ఇదే కారణం.

పాక్షిక గ్రహణం

ప్రచ్ఛాయ భూమిని తాకకుండా ధ్రువాల పైనుంచో కిందనుంచో పోయి, ఉపచ్ఛాయ మాత్రమే భూమి మీద పడితే అది పాక్షిక గ్రహణం. అలాంటి రోజున ప్రపంచంలో ఎక్కడున్నా సంపూర్ణం కనిపించదు. 2022 అక్టోబర్ 25 గ్రహణం ఈ రకానిదే. దీపావళి మరునాడు రావడంతో తెలుగువారికి బాగా గుర్తుండిపోయింది. హైదరాబాద్‌లో సాయంత్రం 5 గంటల ప్రాంతంలో పట్టి, విడవకముందే సూర్యుడు అస్తమించాడు. పంచాంగ పరిభాషలో ఇది గ్రస్తాస్తమయం. 2025 సెప్టెంబర్ 21 గ్రహణమూ పాక్షికమే. న్యూజిలాండ్, అంటార్కిటికా వైపు అది బాగా కనిపించింది.

ఇంకో విధంగానూ పాక్షికం కనిపిస్తుంది. వలయాకారమైనా సంపూర్ణమైనా దాని ప్రధాన మార్గానికి ఇరుపక్కలా వేల కిలోమీటర్ల మేర పాక్షికంగానే ఉంటుంది. 2028లో ద పాండ్స్‌లో సంపూర్ణమైన గ్రహణమే మెల్‌బోర్న్, బ్రిస్బేన్, అడిలైడ్, కాన్‌బెర్రాలలో పాక్షికం.

వలయాకార గ్రహణం

చంద్రుడు దూరంగా ఉన్నప్పుడు అతడి బింబం సూర్యబింబం కన్నా చిన్నదిగా కనిపిస్తుంది. అప్పుడు నడిమి మార్గంలో నిలబడ్డవారికి వెలుగు కంకణం కనిపిస్తుంది. సూర్యుడు దగ్గరగా ఉండి బింబం పెద్దదయ్యే ఉత్తరార్ధగోళపు శీతకాల నెలలు దీనికి బాగా అనుకూలం. 2010 జనవరి 15న కన్యాకుమారి, ధనుష్కోటి ప్రాంతాల మీదుగా సాగిన కంకణ గ్రహణం హిందూ మహాసముద్రంలో ఒక చోట 11 నిమిషాల 8 సెకన్ల పాటు నిలిచింది. ఈ సహస్రాబ్దిలో అంత దీర్ఘమైనది మరొకటి లేదు. 2019 డిసెంబర్ 26 కంకణ గ్రహణ మార్గం కేరళ, తమిళనాడుల మీదుగా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు పాక్షికంగా కనిపించింది. ఆస్ట్రేలియాలో 2013 మే 10న పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి ఉత్తర క్వీన్స్‌లాండ్ దాకా కంకణ మార్గం సాగింది.

వలయం ఎంత సన్నగా ఉన్నా అది సూర్యుడి అసలు వెలుగే. కాబట్టి కంకణ గ్రహణంలో ఏ ఒక్క క్షణమూ వట్టి కళ్లతో చూడదగింది కాదు.

సంపూర్ణ గ్రహణం

ప్రచ్ఛాయ కొస భూమిని తాకినచోట సంపూర్ణ గ్రహణం. ఆ నీడ మచ్చ వెడల్పు సాధారణంగా 100 నుంచి 250 కిలోమీటర్లు. అది భూమి మీద వేల కిలోమీటర్ల పొడవునా ఒక సన్నని దారి గీస్తూ పోతుంది. ఏదైనా ఒక ఊరి మీదుగా ఆ దారి వెళ్లడం సగటున 375 ఏళ్లకు ఒకసారి. సంపూర్ణ దశ ఏ పరిస్థితుల్లోనూ ఏడున్నర నిమిషాలను పెద్దగా దాటదు.

సూర్యుడు దూరంగా ఉండి బింబం చిన్నదయ్యే జులై నెల దీర్ఘమైన సంపూర్ణ గ్రహణాలకు అనువైనది. 2009 జులై 22న సూరత్, వారణాసి, పట్నాల మీదుగా సాగిన గ్రహణం పసిఫిక్ మహాసముద్రంలో 6 నిమిషాల 39 సెకన్లు నిలిచి, ఈ శతాబ్దానికే అతి దీర్ఘమైనదిగా పేరు పొందింది. సరిగ్గా 19 ఏళ్లకు అదే తేదీన సిడ్నీ గ్రహణం వస్తోంది. చాంద్రమాన, సౌరమానాలు 19 ఏళ్లకోసారి దాదాపు ఒకేచోట కలవడం వల్ల తేదీలు ఇలా కుదురుతాయి.

నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మూసుకున్న సూర్యుడికీ పూర్తిగా మూసుకున్న సూర్యుడికీ మధ్య తేడా ఒక్క పాలు కాదు. సూర్యుడి వెలుగు పున్నమి చంద్రుడి కన్నా సుమారు నాలుగు లక్షల రెట్లు. నూటికి ఒక పాలు మిగిలినా వేలాది పున్నముల వెలుగు మిగిలినట్టే. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే పలుచని వాయుమండలం వెలుగు ఇంచుమించు ఒక పున్నమి చంద్రుడంత. అందుకే చివరి వెలుగు చుక్క ఆరేదాకా కరోనా కనిపించదు. ముందు నీడలు పదునెక్కుతాయి, గాలి చల్లబడుతుంది. చంద్రుడి అంచున ఉన్న లోయల గుండా వెలుగు పూసలుగా మెరుస్తుంది. 1836లో వీటిని వర్ణించిన ఫ్రాన్సిస్ బెయిలీ పేరిట వీటిని బెయిలీ పూసలంటారు. ఒకే పూస మిగిలినప్పుడు వజ్రపు ఉంగరం కనిపిస్తుంది. అదీ ఆరిపోగానే తెల్లని కరోనా, అంచున ఎర్రని జ్వాలలు, ప్రకాశవంతమైన గ్రహాలు, నక్షత్రాలు బయటపడతాయి. చుట్టూ దిగంతమంతా సంధ్యారాగం అలుముకుంటుంది.

సంకర గ్రహణం

చంద్రుడు సరిగ్గా సరిహద్దు దూరంలో ఉన్నప్పుడు భూమి గుండ్రదనమే రకాన్ని నిర్ణయిస్తుంది. మార్గం నడుమ ఉబ్బెత్తు భాగం చంద్రుడికి దగ్గరగా ఉండటంతో నీడ కొస తాకుతుంది, అక్కడ సంపూర్ణం. మార్గం కొసల్లో దూరం పెరగడంతో నీడ అందదు; అక్కడ వలయాకారం. 2023 ఏప్రిల్ 20న పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మౌత్ దగ్గర పట్టింది ఈ అరుదైన రకమే. మార్గం వెడల్పు దాదాపు 40 కిలోమీటర్లు, సంపూర్ణ దశ ఒక్క నిమిషం. ఆ నిమిషం కోసం వేలమంది ఎక్స్‌మౌత్ చేరారు. తర్వాతి సంకర గ్రహణం 2031 నవంబర్ 14న, పసిఫిక్ మీద.

గుంటూరు నుంచి ఆస్ట్రేలియా దాకా ఒక గ్రహణ కుటుంబం

గ్రహణాలు కుటుంబాలుగా వస్తాయి. 223 చాంద్రమాసాలకు, అంటే 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలకు, సూర్యచంద్రులూ కక్ష్యా బిందువులూ దాదాపు పాత స్థితికే చేరుకుంటారు. ఈ చక్రాన్ని సారోస్ అంటారు. మిగిలిన 8 గంటల్లో భూమి మూడో వంతు తిరిగిపోతుంది కనుక తర్వాతి గ్రహణం అంత మేర పడమరకు జరుగుతుంది. మూడు సారోస్‌లు గడిస్తే, అంటే 54 ఏళ్ల మీద నెల రోజులకు, తిరిగి ఇంచుమించు అదే రేఖాంశాలకు వస్తుంది. ఒక్కో కుటుంబం పన్నెండు పదమూడు శతాబ్దాలు జీవిస్తుంది. ఒక ధ్రువం దగ్గర పాక్షికంగా పుట్టి, నడివయసులో వలయాకారమో సంపూర్ణమో అయి, రెండో ధ్రువం దగ్గర మళ్లీ పాక్షికంగా ముగుస్తుంది.

133వ సారోస్ కుటుంబం తెలుగునేలనూ ఆస్ట్రేలియానూ కలిపింది. 1868 ఆగస్టు 18న గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సంపూర్ణ గ్రహణం సాగింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్, బ్రిటిష్ అధికారి జేమ్స్ టెన్నెంట్ తమ పరికరాలు నిలిపారు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. అదే నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి మరో బృందంతో నిజాం రాజ్యంలోని వనపర్తి వెళ్లాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రని జ్వాలల వెలుగును జాన్సెన్ వర్ణపట దర్శినిలో విడదీసి చూశాడు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండానే వీటిని చూడవచ్చని అతడికి అక్కడే స్ఫురించింది. మర్నాడే గుంటూరులో చూసి నిరూపించాడు. ఆ వర్ణపటంలోని పసుపుపచ్చ గీత సోడియానిది కాదని తేలాక, అది కొత్త మూలకానిదని నార్మన్ లాకియర్ ఇంగ్లండులో ప్రతిపాదించాడు. దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద హీలియం దొరికింది 1895లోనే.

సరిగ్గా మూడు సారోస్‌ల తర్వాత, 1922 సెప్టెంబర్ 21న, ఇదే కుటుంబపు గ్రహణం ఆస్ట్రేలియా మీదుగా సాగింది. పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలోని వాలాల్ దగ్గర అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీ నుంచి విలియం వాలెస్ క్యాంబెల్ బృందం విడిది చేసింది. సూర్యుడి దాపున కనిపించిన నక్షత్రాలను ఫొటోలు తీసి, వెలుగు వంగుతుందన్న ఐన్‌స్టైన్ సిద్ధాంతాన్ని బలంగా ధ్రువీకరించింది. కొడైకనాల్ అబ్జర్వేటరీ నుంచి జాన్ ఎవర్షెడ్ కూడా వాలాల్ వెళ్లాడు. ఇంకో మూడు సారోస్‌లకు 1976 అక్టోబర్ 23న ఇదే కుటుంబం మెల్‌బోర్న్‌ను చీకటి చేసింది. 2012 నవంబర్ 14 ఉదయం కెయిర్న్స్‌లో కనిపించిందీ దీనికి చెందినదే. 2028 సిడ్నీ గ్రహణం మాత్రం వేరే ఇంటిది. అది 146వ సారోస్. 1974 జూన్ 20న పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి కొసను తాకిందీ, 2010 జులై 11న ఈస్టర్ దీవిలో పట్టిందీ ఈ కుటుంబానివే.

ఒకే గ్రహణం రెండు దేశాలనూ తాకిన సందర్భమూ ఉంది. 1871 డిసెంబర్ 12న నీడ దక్షిణ భారతం మీదుగా వెళ్లి, అదే రోజు ఉత్తర క్వీన్స్‌లాండ్ చేరింది. ఊటీ ప్రాంతంలో జాన్సెన్‌కు కరోనా చక్కగా కనిపించింది. మెల్‌బోర్న్, సిడ్నీల నుంచి ఓడలో కేప్ సిడ్మౌత్ దాకా వెళ్లిన శాస్త్రజ్ఞులకు మబ్బులే మిగిలాయి.

ఆచారాలు, వేళలు

1980 ఫిబ్రవరి 16న తెలంగాణ మీదుగా సంపూర్ణ గ్రహణం సాగినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జాపాల్-రంగాపూర్ నక్షత్రశాల ఆ దారిలోనే ఉంది. దేశదేశాల శాస్త్రజ్ఞులు అక్కడ చేరారు. అదే సమయంలో ఊళ్లకు ఊళ్లు తలుపులు మూసుకుని ఇళ్లలో ఉండిపోయాయి. దర్భలు వేయడం, పట్టుస్నానం, విడుపుస్నానం, జపం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. తిరుమల ఆలయం మూతపడితే శ్రీకాళహస్తి తెరిచే ఉంటుంది. పళ్లెంలో రోకలి నిలబెట్టి, అది నిలిచినంతసేపు గ్రహణం ఉన్నట్టు లెక్క చూడటం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. అడుగు సమంగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలుస్తుంది. గర్భిణులు బయటికి రాకూడదన్న భయానికి ఆధారం లేదు. గ్రహణవేళ సూర్యుడి నుంచి కొత్త కిరణాలేవీ వెలువడవు.

న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగపు ఆదివాసులైన యువలారాయ్‌ల కథలో సూర్యుడు స్త్రీ, చంద్రుడు పురుషుడు. ఆమె అతణ్ణి వెంటాడి పట్టుకున్నప్పుడు గ్రహణం పడుతుంది. ఇద్దరి కలయికే గ్రహణమని ఈ నేల మనుషులు ఎన్నడో గుర్తించారు.

పరదేశంలో నియమాలు పాటించేవారు ఒక విషయం గమనించాలి. గ్రహణానికి స్పర్శ, మధ్యం, మోక్షం ప్రతి ఊరికీ వేరు. విజయవాడకో హైదరాబాద్‌కో గణించిన వేళలు ద పాండ్స్‌కు పనికిరావు. భారత కాలానికి నాలుగున్నర గంటలు కలిపినా సరిపోదు. సిడ్నీ అక్షాంశ రేఖాంశాలకు గణించిన వేళలే చూడాలి. గ్రహణం కనిపించని ఊరికి దాని నియమాలు లేవన్నది మన ధర్మశాస్త్ర సంప్రదాయమే.

ద పాండ్స్‌లో చూసే తీరు

2028 నీడ హిందూ మహాసముద్రంలో మొదలై, పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో ఆస్ట్రేలియా ప్రధాన భూభాగాన్ని తాకుతుంది. అక్కడే దీని గరిష్ఠ నిడివి, 5 నిమిషాల 10 సెకన్లు. ఉత్తర ప్రాదేశికం, క్వీన్స్‌లాండ్ నైరుతి మూల, డబ్బో మీదుగా సిడ్నీ చేరి, సముద్రం దాటి న్యూజిలాండ్‌లోని డునెడిన్ వైపు వెళుతుంది.

తెలుగునాట నడిపొద్దున సూర్యుణ్ణి దక్షిణాన చూడటం మనకు అలవాటు. సిడ్నీలో ఉత్తరాన వెతకాలి. సంపూర్ణ దశలో సూర్యుడు ఉత్తరం నుంచి కొంచెం వాయవ్యానికి, దిగంతానికి సుమారు 29 డిగ్రీల ఎత్తున ఉంటాడు. చేయి చాపి, దిగంతం మీద పిడికిలి పైన పిడికిలి మూడు పెడితే ఆ ఎత్తు వస్తుంది. ఉత్తరాన రెండంతస్తుల ఇల్లుంటే పెరట్లోంచి కనిపించకపోవచ్చు. ముందటి ఏడాది జులై మూడో వారంలో మధ్యాహ్నం 2 గంటలకు చూసుకుంటే చోటు ఖాయమవుతుంది. సూర్యుడి పడమటి అంచు, అంటే ఉత్తర ముఖంగా నిలబడ్డవారికి ఎడమ వైపు, ముందుగా కోసుకుపోతుంది. పట్టు నుంచి విడుపు దాకా రెండు గంటలకు పైగా పడుతుంది.

పాక్షిక దశలంతటా ఐఎస్‌ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణ కళ్లద్దాలు తప్పనిసరి. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు, చలువ కళ్లద్దాలు, పసుపు నీళ్లలో ప్రతిబింబం, ఏవీ కళ్లను కాపాడవు. రెటీనా కాలినా నొప్పి తెలియదు. పిల్లలకు చూపడానికి వంటింటి జల్లెడ చాలు. సూర్యుడికి వీపు పెట్టి జల్లెడ పట్టుకుంటే, ప్రతి రంధ్రం కిందా నేల మీద ఒక నెలవంక పడుతుంది. సంపూర్ణ దశలో మాత్రం కళ్లద్దాలు తీసేసి వట్టి కళ్లతోనే చూడాలి. తొలి వెలుగు చుక్క మెరవగానే మళ్లీ పెట్టుకోవాలి.

రాబోయేవి

2030 నవంబర్ 25న గుంటూరు గ్రహణపు కుటుంబమే దక్షిణాఫ్రికా మీదుగా వచ్చి, దక్షిణ ఆస్ట్రేలియాలో సాయంకాలం సంపూర్ణంగా పట్టి, క్వీన్స్‌లాండ్‌లో సూర్యాస్తమయంతో ముగుస్తుంది. 2037 జులై 13న, 2038 డిసెంబర్ 26న కూడా ఆస్ట్రేలియాకు సంపూర్ణ గ్రహణాలు ఉన్నాయి. 2031 మే 21న కేరళ, తమిళనాడులలో కంకణ గ్రహణం. 1980 తెలంగాణ గ్రహణపు కుటుంబం 54 ఏళ్లకు, 2034 మార్చి 20న, భారత ఉత్తర సరిహద్దులోని కశ్మీర్, లద్దాఖ్ ప్రాంతాలకు వస్తుంది.

చంద్రుడు ఏటా సుమారు 3.8 సెంటీమీటర్లు దూరమవుతున్నాడు. దాదాపు 60 కోట్ల ఏళ్ల తర్వాత సంపూర్ణ గ్రహణాలు ఉండవు. అప్పటిదాకా ఇవి క్రమం తప్పక వస్తూనే ఉంటాయి, కానీ ప్రతిసారీ ఒక సన్నని దారి వెంటే. 2028లో మెల్‌బోర్న్, బ్రిస్బేన్‌లలో ఉన్న బంధుమిత్రులు పాక్షికంగా కనిపిస్తే చాలులే అనుకోకుండా ఆ శనివారానికి సిడ్నీ రావాలి. గ్రహణం తేదీ గుర్తుపెట్టుకోవడంతోనే సరిపోదు. నీడ దారి పటం చూసి, ఆ దారిలో చోటు ఎంచుకోవాలి.